‘నా జుట్టు తాకొచ్చు’: అది కళా, తమాషానా?

జడకుచ్చులు: 2013 జూన్‌లో న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో ముగ్గురు నల్లజాతి మహిళలు ‘నా జుట్టు తాకొచ్చు’ అన్న అట్టలు పట్టుకుని నిలబడ్డారు. దారినపోయేవాళ్లు చేయి పెట్టి చూశారు. ఏర్పాటు చేసిన ఆంటోనియా ఓపియా కూడా నల్లజాతి మహిళే. రెండోసారి నిలబడినప్పుడు మరికొందరు నల్లజాతి మహిళలు ‘తాకడానికి వీల్లేదు’ అంటూ ఎదురు అట్టలతో వచ్చారు. నాకైతే ప్రయోగం నచ్చింది. నల్లజాతివాళ్ల జుట్టు వింతగా అనిపించి అడగకుండా చేయి వేసేవాళ్లకి అడగడమైనా తెలుస్తుంది కదా?

వీధిబడి: తెలియదండీ. సారా బార్ట్‌మన్ అనే ఆఫ్రికా మహిళను 1810లో దక్షిణాఫ్రికా నుంచి లండన్ తీసుకెళ్లి డబ్బులు తీసుకుని జనానికి వింతలా చూపించారు. అది తెలిసినవాళ్లకి ఆ అట్ట చూస్తే ఒళ్లు మండదా?

జడకుచ్చులు: సారాను ఇంకొకరు చూపించారు. వీళ్లు తమంతట తామే నిలబడ్డారు. రెండూ ఒకటేనా?

మెంతిపిండి: ఒకటి కాదు. కానీ అట్ట పట్టుకున్నది ముగ్గురు, సోమవారం ఆఫీసులో చేయి పడేది వేరేవాళ్ల తల మీద. నేనుండేది డల్లాస్‌లో. మా టీంలో ఒకమ్మాయి సన్న జడలు అల్లించుకుని వచ్చింది. ఆదివారమంతా కూర్చుందట. లిఫ్టులో వెనకున్నాయన ఒక జడ పట్టుకుని లాగి, ‘నీదేనా?’ అన్నాడు. తను నవ్వేసింది. మధ్యాహ్నానికి తలకి స్కార్ఫ్ కట్టేసుకుంది. ఇలాంటి జుట్టు ఉందని ఉద్యోగాల్లో, బడుల్లో వివక్ష చూపకుండా కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టమే తేవాల్సి వచ్చింది మరి.

కుంకుడురసం: తాకడమే కళ కావాలంటే అమెరికన్ కళాకారిణి సోనియా క్లార్క్ చేసింది చూడండి. వర్జీనియాలో జడలల్లే హెయిర్‌డ్రెస్సర్లకు తన తలనే అప్పగించింది. వాళ్లు ఆ తల మీద అల్లారు, అదే చేత్తో కాన్వాస్ మీద దారంతోనూ అల్లారు. అవీ వేళ్లే, కాకపోతే పాపిడి తీయడం తెలిసిన వేళ్లు.

వీధిబడి: బాగా చెప్పారు. మనమేదో గట్టున కూర్చున్నామనుకోవద్దు. తిరుమలలో ఇచ్చిన తలనీలాలు వేలంలో అమ్ముడై విగ్గులుగా విదేశాలకు పోతాయి. నల్లజాతివాళ్ల జుట్టు మీద అమెరికన్ కమెడియన్ క్రిస్ రాక్ చేసిన 2009 డాక్యుమెంటరీ మన దేశందాకా వచ్చింది ఆ దారి వెతుక్కుంటూనే. స్ట్రెయిట్‌గా, పొడుగ్గా ఉంటేనే అందమన్న బేరంలో మన జుట్టూ ఉంది.

జడకుచ్చులు: సరే, కొంత తగ్గుతాను. కానీ మొదటి అట్ట లేకపోతే ఎదురు అట్ట వచ్చేదా? నాకు అసలు ప్రదర్శన ఆ రెండోసారిదే.

మెంతిపిండి: అయితే మెచ్చుకోవాల్సింది ఎదురు నిలబడ్డవాళ్లని. పిలిచినవాళ్లని కాదు.