స్పానిష్ భూతకాలంలో పెదీర్ (అడగడం) మారుతుంది, పెన్సార్ (ఆలోచించడం) ఎందుకు మారదు?

ప్రశ్న: వర్తమానంలో "పీదో", "ప్యెన్సో" బాగానే వస్తున్నాయి. ప్రెటెరిట్‌కి, అంటే జరిగిపోయిన పనిని చెప్పే భూతకాలానికి వచ్చేసరికి ఒకదానిలో లోపలి అచ్చు మారుతోంది, ఇంకోదానిలో మారట్లేదు. రేపే పరీక్ష, టెన్షన్‌గా ఉంది. కాస్త చెప్పరూ?

జవాబు: ముందు క్రియ చివర చూడండి. ఆర్, ఏర్ వాటిలో మామూలుగా మార్పు ఉండదు: పెన్సార్‌కి పెన్సో, వొల్వేర్ (తిరిగి రావడం)కి వొల్వియో. ఈర్ వాటిలోనే ఉంటుంది, అదీ ప్రథమ పురుషలోనే (అతను, ఆమె, వాళ్లు). పెదీ, పెదీస్తే, పిదియో, పెదీమోస్, పిదియేరోన్. గట్టిగా చదవండి, మార్పు చెవికే తెలుస్తుంది. దోర్మీర్ (నిద్రపోవడం)కి దుర్మియో, దుర్మియేరోన్. ఉస్తెద్‌కీ (గౌరవంగా "మీరు") ఇదే రూపం, మర్చిపోకండి.

ఇంకో జవాబు: పోదేర్ (చేయగలగడం), కెరేర్ (కావాలనుకోవడం) మాత్రం ఈ లెక్కలోకి రావండీ. పూదే, కీసే అని విడిగా బట్టీ పట్టాల్సిందే. ఈర్ క్రియలకి నేనైతే పిదియేందో (అడుగుతూ), దుర్మియేందో (నిద్రపోతూ) గుర్తు చేసుకుంటాను, వాటిలోనూ మారే అచ్చు అదే.

ప్రశ్న అడిగినవారు: అయితే మోరీర్ (చనిపోవడం)కి మురియో! స్పానిష్ పేపర్లలో మరణవార్తల్లో కనిపించేది ఇదేనన్నమాట. చాలా థ్యాంక్సండీ.