మిరప కోతలకు వెళ్లే తల్లుల చదువు ఆగకుండా ఏం చేయాలి?

మాది కర్నూలు జిల్లా ఆదోని దగ్గర పల్లె. సాయంత్రాలు ఊళ్లో కొందరు మహిళలకు చదువు చెబుతున్నాను. బ్యాంకులో తమ కూలి డబ్బు తీసుకోవడానికి ఫారం ఇంకెవరో నింపాలి. ఎంత రాశారో వీళ్లకు తెలియదు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ప్రపంచంలో చదవడం రాని పెద్దల్లో సుమారు మూడింట రెండు వంతులు స్త్రీలే. 2011 జనాభా లెక్కల్లో మా జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం.

చిక్కు ఏమిటంటే, మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లి వచ్చేసరికి గుణింతాలు మరిచిపోతున్నారు. ‘క’కు కొమ్మిస్తే ‘కు’ అని గడగడా చెప్పిన ఆవిడే తడుముకుంటోంది. చాలామందికి స్మార్ట్‌ఫోన్ లేదు. పొలం గట్టు గుడిసెల్లోనూ సాధన సాగాలంటే వెంట ఏమిచ్చి పంపాలి? పెద్ద అక్షరాల వాచకాలు ఎక్కడ దొరుకుతాయి? వయోజన విద్యలో పనిచేసినవారు దయచేసి చెప్పండి.