350 ఛాసిస్‌లో 500 ఇంజిన్: నాలుగు వేల లోపు ఏ కార్బొరేటర్?

సాగర్‌నగర్_500:
పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఛాసిస్‌లోకి అదే తరం 500 ఇంజిన్ ఎక్కుతోంది. రేసు పని లేదు. వైజాగ్ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా 50-60లో నింపాదిగా నడవాలి, అప్పుడప్పుడు అరకు ఘాట్ ఎక్కాలి. సైలెన్సర్ ఫ్రీఫ్లో (పొగని పెద్దగా అడ్డుకోని రకం). 350కి ఉన్న 24 మి.మీ. కార్బొరేటర్ చాలదని తెలుసు. కొత్త మిక్‌కార్బ్ వీఎం28, పాత థండర్‌బర్డ్ నుంచి తీసిన యూకాల్ బీఎస్29 సీవీ (వాక్యూమ్‌తో పనిచేసే రకం), ఆన్‌లైన్‌లో దొరికే పీడబ్ల్యూకే30 నకలు, ఈ మూడిట్లో ఏది? జెట్లతో (పెట్రోలు పారే సన్న రంధ్రపు ముక్కలు) కలిపి నాలుగు వేలు దాటకూడదు.

గాజువాక_స్పానర్:
వీఎం28 వేసుకో తమ్ముడూ. లెక్క ఏటంటే, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండు ఇంజిన్లకీ 90 మి.మీ.యే. సిలిండర్ బోరు (వ్యాసం) 350కి 70, 500కి 84. అంటే 346 సీసీ నుంచి 499 సీసీకి, 44 శాతం పెరిగింది. 24 నుంచి 28కి వెళ్తే కార్బొరేటర్ నోరు 452 చదరపు మి.మీ. నుంచి 616కి, 36 శాతం పెరుగుతాది. 30కి వెళ్తే 707, అంటే 56 శాతం. నువ్వు తిరిగేది 2500-3000 ఆర్పీఎంలో. అక్కడ గాలి వేగంగా లాగితేనే పెట్రోలు సన్నగా చిట్లుతాది. నోరు పెద్దదైతే పైన ఒకటో రెండో గుర్రాలు వస్తాయేమో గాని కింద పట్టు పోతాది.

ఉక్కునగరం_టార్క్:
అన్నా, ఆ లెక్క ఫుల్ థ్రాటిల్‌కే నిజం. 50లో వెళ్తున్నప్పుడు స్లైడ్ (కార్బొరేటర్‌లో లేచి గాలికి దారి తెరిచే ముక్క) పావు వంతే లేస్తుంది. గాలికి దారి ఇచ్చేది స్లైడ్ కింది సందు, కార్బొరేటర్ బోరు కాదు. అది 28లోనూ 30లోనూ దాదాపు ఒకటే. అందుకే పీడబ్ల్యూకే30ని బోరు చూసి కొట్టిపారేయకూడదు. రెండు వేల లోపు వస్తుంది, మిగిలిన డబ్బుతో జెట్లన్నీ కొనుక్కోవచ్చు.

గాజువాక_స్పానర్:
పావు థ్రాటిల్ వరకూ నీ మాట ఒప్పుకుంటాను. తేడా తెలిసేది హనుమంతవాక సిగ్నల్ దగ్గర, రెండో గేర్‌లో గబుక్కున తిప్పినప్పుడు. స్లైడ్ ఒక్కసారి పైకి పోతాది, గాలి వేగం పడిపోతాది, పెట్రోలు అందదు, ఇంజిన్ గుటకేసి ఆగినట్టు అవుతాది. వీఎంలోనూ ఆ జబ్బు ఉంది, 30లో ఎక్కువ.

నకలుతో అసలు తంటా బోరు కాదు, కొలతలు. జెట్ మీద 120 అని కొట్టి ఉంటాది, రంధ్రం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాది. నీడిల్ జెట్ (స్లైడ్‌కున్న సూది దిగే గొట్టం) వదులుగా వస్తే సగం థ్రాటిల్‌లో రిచ్‌గానే (పెట్రోలు ఎక్కువగానే) ఉంటాది, మెయిన్ జెట్ ఎన్నిసార్లు మార్చినా తగ్గదు. ఇంకోటి, పీడబ్ల్యూకేలో వేసే కైహిన్ జెట్ అంకె రంధ్రం వ్యాసం, వీఎంలో వేసే మికునీ హెక్స్ జెట్ అంకె పెట్రోలు పారే కొలత. దీని 120, దాని 120 ఒకటి కావు. దీన్లో జెట్ దాన్లో పెట్టి చూద్దామంటే కుదరదు.

లాసన్స్‌బే_సీవీ:
క్రూయిజర్ అంటున్నారు గాబట్టి సీవీ గురించి చెప్పాలి. పైన ఇచ్చిన లెక్కే తీసుకోండి: 29 మి.మీ. అంటే 660 చదరపు మి.మీ., 24 మీద 46 శాతం ఎక్కువ. ఇంజిన్ పెరిగింది 44 శాతం. దీనికంటే దగ్గరగా కుదిరేది లేదు. పైగా సీవీలో మన చెయ్యి తిప్పేది బటర్‌ఫ్లైని (గాలి దారిలో తిరిగే రేకు) మాత్రమే. స్లైడ్‌ని లేపేది ఇంజిన్ లాగే వాక్యూమ్. ఎంత గబుక్కున తిప్పినా ఇంజిన్ అడిగినంతే లేస్తుంది, గుటక ఉండదు. బీచ్ రోడ్డు ట్రాఫిక్‌లో మణికట్టుకి ఆ సుఖం వేరు.

పాతది కొనేటప్పుడు పై మూత విప్పి డయాఫ్రమ్‌ని (స్లైడ్‌ని లేపే పల్చటి రబ్బరు పొర) వెలుతురుకి పట్టి చూడండి. సూదిమొన అంత చిల్లు ఉన్నా స్లైడ్ పూర్తిగా లేవదు, సగం థ్రాటిల్ దాటాక బండి ముందుకు పోదు. తర్వాత బటర్‌ఫ్లై షాఫ్ట్‌ని వేలితో పైకీ కిందికీ కదపండి. ఊగితే వదిలేయండి. అక్కడినుంచి గాలి దూరితే ఐడిల్ ఎప్పటికీ నిలవదు.

గాజువాక_స్పానర్:
ఆ సుఖం కాదనను లాసన్స్‌బే గారూ. కాని కాస్ట్ ఐరన్ బండికి సీవీకి తగ్గ ఎయిర్ బాక్స్ లేదు. ఉన్నది పక్కన డబ్బాలో ఫిల్టరు, దానికో గొట్టం. ఆ గొట్టం కొలత సీవీ నోటికి కుదరదు. కుదరక పాడ్ ఫిల్టర్ (డబ్బా లేకుండా నేరుగా నోటికే బిగించేది) పెడతారు. డయాఫ్రమ్ కింద గదికి గాలి వెళ్లే రంధ్రం ఆ నోటి దగ్గరే ఉంటాది. పాడ్ అక్కడి గాలిని చెదరగొడితే స్లైడ్ వణుకుతాది, మధ్యలో రిచ్, లీన్ (పెట్రోలు తక్కువ) మారుతూ ఉంటాది. ఒక్క పెద్ద సిలిండర్ గట్టి గుక్కలేసి లాగుతాది గాబట్టి ఆ వణుకు ఇంకా ఎక్కువ.

లాసన్స్‌బే_సీవీ:
పాడ్ పెడితే పాడవుతుంది, నిజం. డబ్బా, పొడుగాటి సాఫీ గొట్టం ఉంటే పాడవదు. కాని ఆ గొట్టం చేయించడం, కేబుల్ చివర మార్చడం, డయాఫ్రమ్ కొత్తది, అన్నీ కలిపితే నాలుగు వేలు దాటొచ్చు. బడ్జెట్ గీత అంత కచ్చితమైతే వీఎం28 అనడానికి నాకు అభ్యంతరం లేదు. ఐదారు వేలు పెట్టగలిగితే మాత్రం సీవీ మీదే నా మాట.

భీమిలి_ఉప్పుగాలి:
ఏది వేసినా సముద్రం సంగతి మరవొద్దు. సాగర్‌నగర్‌లో బండి బయట పెడితే ఉప్పు తేమకి కార్బొరేటర్ ఒంటి మీద తెల్లటి పొడి లేస్తుంది. స్లైడ్ గోడకి పట్టేస్తే థ్రాటిల్ వదిలినా వెనక్కి రాదు, అది ప్రమాదం. నెలకోసారి స్లైడ్ తీసి పొడిబట్టతో తుడవండి, నూనె రాయొద్దు, దుమ్ము పడుతుంది. కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెకున్న ప్లస్ స్క్రూలు తీసి స్టీల్ ఆలెన్ బోల్టులు వేయండి. తుప్పు పట్టాక ప్లస్ తల అరిగిపోతుంది, రోడ్డు పక్కన గిన్నె విప్పలేరు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు తేమని పీల్చుకుంటుంది. రెండు వారాలు బండి కదలకపోతే గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ విప్పి ఖాళీ చేయండి. లేకపోతే అడుగున తెల్లటి పేస్టు లాంటిది చేరుతుంది, మొదట మూసుకునేది ఐడిల్‌కి పెట్రోలిచ్చే పైలట్ జెట్టే. పెట్రోలు గొట్టం కూడా ఇథనాల్ తట్టుకునేదే వేయండి. పాత రబ్బరు ఉబ్బి లోపల పొరలు రాలతాయి.

సాగర్‌నగర్_500:
వీఎం28కే వెళ్తున్నాను. జెట్లు ఏ అంకెల నుంచి మొదలుపెట్టాలి? ఎయిర్ స్క్రూ బయటికి తిప్పితే రిచ్ అని ఒకరు, లీన్ అని ఒకరు చెబుతున్నారు.

గాజువాక_స్పానర్:
ఇద్దరూ తమ కార్బొరేటర్ సంగతి చెప్పారు. వీఎంలో ఆ స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటాది, అది గాలి స్క్రూ. బయటికి తిప్పితే గాలి ఎక్కువ, అంటే లీన్. బీఎస్29లో ఇంజిన్ వైపు ఉంటాది, అది పెట్రోలు స్క్రూ. బయటికి తిప్పితే రిచ్.

మొదట కార్బొరేటర్ తలకిందులు చేసి ఫ్లోట్ (గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టం నిలిపేది) చూడు. ఫ్లోట్ చేతులు గిన్నె అతుక్కునే అంచుకి సమాంతరంగా ఉండాలి. ఇది తప్పితే తర్వాత చేసేదంతా వృథా. తర్వాత కేబుల్ తగిలించి, ఫుల్ తిప్పి, నోట్లోకి టార్చ్ వేసి చూడు. స్లైడ్ అంచు బోరులో కనిపించకూడదు. పాత 24 కేబుల్‌తో పూర్తిగా లేవకపోవచ్చు.

పైలట్ 25, మెయిన్ 110 నుంచి మొదలుపెట్టు, నీడిల్ క్లిప్ మధ్య గాడిలో. ఫ్రీఫ్లో, ఈ20 రెండూ లీన్ వైపే లాగుతాయి గాబట్టి 115, 120, 125 కూడా దగ్గర ఉంచుకో. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఎయిర్ స్క్రూ నెమ్మదిగా తిప్పి ఆర్పీఎం ఎక్కడ ఎక్కువుందో పట్టుకో. ఒక చుట్టు లోపే దొరికితే పైలట్ చిన్నదైంది, పెద్దది వెయ్యి. రెండున్నర దాటితే పైలట్ పెద్దదైంది.

పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ పని. క్లిప్ కింది గాడిలోకి దించితే నీడిల్ పైకి లేస్తాది, రిచ్. మెయిన్ జెట్ ముప్పావు దాటాకే పని చేస్తాది. 50లో తడబాటుకి మెయిన్ మార్చేవాళ్లు చాలామంది, అది నీడిల్ పని. ఒకసారికి ఒక్కటే మార్చు.

ఉక్కునగరం_టార్క్:
ఒకటి కలుపుతాను. ఈ20కి సరైన గాలి-పెట్రోలు నిష్పత్తి 13.5 దగ్గర, ఇథనాల్ లేని పెట్రోలుకి 14.7. అంటే పాత జెట్లతో 8 శాతం దాకా లీన్. ప్లగ్ రంగు నమ్మొద్దు, ఈ20తో తెల్లగానే కనిపిస్తుంది. సింహాచలం కొండ రోడ్డు ఎక్కేటప్పుడు ఫుల్ తిప్పి, నొక్కినట్టు ఆగి, కొంచెం వదలగానే బలం పెరిగితే మెయిన్ చిన్నది.

అరకు దగ్గర కథ తిరగబడుతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తులో గాలి పల్చబడి మిక్స్చర్ నాలుగైదు శాతం రిచ్ అవుతుంది. మీరు ఈ20కి చేసిన సవరణలో సగం అక్కడ ఎక్కువైనట్టు. జెట్ మార్చక్కర్లేదు, క్లిప్ ఒక గాడి పైకి పెట్టి నీడిల్‌ని దించితే చాలు. రోజంతా తిరిగి దిగిపోయేట్టయితే అదీ వద్దు.

లాసన్స్‌బే_సీవీ:
ట్యూనింగ్‌కి ముందు ఇన్‌టేక్ రబ్బరు క్లాంపుల దగ్గర, ఐడిల్‌లో, కార్బ్ క్లీనర్ కొద్దిగా కొట్టండి. ఆర్పీఎం మారితే అక్కడ గాలి దూరుతోంది. వేడి సైలెన్సర్ మీద పడనివ్వకండి. ఇంకో మాట, ఇంజిన్ మార్పుకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, సీసీ మారాలి. 2019లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక తయారీదారు వివరాలకి భిన్నమైన మార్పుల మీద పట్టు బిగిసింది. ఇంజిన్ బిగించక ముందే ఆర్టీఏలో అడిగి రండి. ఆర్‌సీ మారకుండా తిరిగితే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ వస్తుంది.

సాగర్‌నగర్_500:
సోమవారం ఆర్టీఏకి వెళ్తాను. వీఎం28, 115 నుంచి 125 దాకా జెట్లు, కొత్త కేబుల్ తీసుకుంటున్నాను. థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటే అదీ లీన్ అనుకోవాలా?

గాజువాక_స్పానర్:
ముందు సైలెన్సర్ బెండు హెడ్‌కి కలిసే చోట సబ్బునీళ్లు రాసి, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడు. బుడగలొస్తే అక్కడినుంచి గాలి దూరి టపటపలాడుతోంది, బిగించుకో. బుడగల్లేకపోతే ఎయిర్ స్క్రూ పావు చుట్టు లోపలికి తిప్పు. అప్పుడూ తగ్గకపోతే పైలట్ ఒక సైజు పెంచు. మెయిన్ జెట్ జోలికి పోకు.