మౌల్టింగ్ (పాత పెంకు వదలడం) అయినాక రొయ్యి గట్టిపడటం ల్యా, ఏం చేయాల?

గట్టు మీద కుర్రోడు:
అన్నా మాది ముత్తుకూరు సైడు, బోరు నీళ్ళ గుంట, సెలినిటీ (ఉప్పుదనం) 5 పీపీటీ, అంటే లీటరుకి 5 గ్రాములు, వనామీ రకం రొయ్యి వేసుండా. అమావాస్యకి మౌల్టింగ్ అయింది, రెండో రోజు కూడా చెక్ ట్రే (మేత చూసే పళ్ళెం) ఎత్తి నొక్కితే మెత్తగానే ఉండాయి. షాపాయన చెప్పాడని మేతలో కాల్షియం పొడి కలిపి పెడతానే ఉండా. నీళ్ళ హార్డ్‌నెస్ కూడా ఎక్కువే వచ్చింది, కాల్షియం ఉన్నట్టే గదా?

ఉప్పునీటి రైతు:
హార్డ్‌నెస్ అంటే కాల్షియం, మెగ్నీషియం కలిపిన లెక్క, అదొక్కటి చూస్తే ఏం తెలవదబ్బయా. కొత్త పెంకు పాతదాని కిందే ముందుగా తయారవుతది, అప్పుడు దాంట్లో కైటిన్ (పెంకుకి ఆధారమైన నార లాంటి పదార్థం), ప్రొటీనే గానీ సున్నం ఉండదు, అందుకే మెత్తన. పాతది వదిలేసి నీళ్ళు పీల్చి ఒళ్ళు ఉబ్బించుకుంటది, సైజు పెరిగేది అప్పుడే, ఆ తర్వాత కాల్షియం, బైకార్బొనేట్ రెండూ ఎక్కువగా మొప్పల గుండా నీళ్ళల్లోంచే లాగి పెంకులో కాల్షియం కార్బొనేట్ చేసుకుంటది. ఆ టైంలో మేత సరిగా ముట్టదు, ఇంక నీ పొడి ఎవరు తింటారు? ఆల్కలినిటీ (నీళ్ళల్లో బైకార్బొనేట్ లాంటివెంత ఉన్నాయో చెప్పే లెక్క) చూపిచ్చు, 100 పీపీఎం కన్నా తక్కువుంటే ముందు దాని సంగతి చూడు. మెగ్నీషియం, పొటాషియం కూడా విడిగా చూపిచ్చు. సముద్రపు నీళ్ళల్లో కాల్షియం 400, మెగ్నీషియం 1300, పొటాషియం 390 పీపీఎం దరిదాపు ఉంటాయి, సముద్రం 35 పీపీటీ గదా, నీ 5 పీపీటీకి అందులో ఏడో వంతు లెక్కేసుకో. బోరు నీళ్ళల్లో కాల్షియం దండిగా ఉండి పొటాషియం లేకపోవడం చాలాచోట్ల చూసేదే.

కొత్తపట్నం పీతలు:
మండపీతకి ఇంకా కష్టం, అంత లావు డెక్కని సన్నటి కీలు సందులోంచి బయటికి లాగాల, అందుకని ముందే డెక్కలో కండ తగ్గించుకుంటది, పాత పెంకులో సున్నం కూడా కొంత కరిగించి ఒంట్లోకి తీసుకుంటది. మంచినీళ్ళ క్రేఫిష్ అయితే ఆ సున్నాన్ని పొట్టలో రెండు బిళ్ళలుగా దాచుకుని మౌల్టింగ్ కాగానే వాడుకుంటది, మన రొయ్యికి అట్టాంటి దాపుడు లేదు, నీళ్ళే దిక్కు.

రాత్రి ఏరేటర్:
ఇంకోటి, మౌల్టింగ్ రాత్రి ఆక్సిజన్ ఖర్చు ఎక్కువ, ఏరేటర్లు ఆపొద్దు, మెత్తటిదాన్ని పక్కదే పీక్కుతింటది. పెంకుకీ కండకీ మధ్య సందు కనపడి వదులుగా ఉంటే మాత్రం అది లూజ్ షెల్, వేరే రోగం, లివర్ చూపిచ్చు. గట్టిపడేదాకా పట్టుబడి (అమ్మకానికి రొయ్యి పట్టడం) పెట్టుకోబాక, మెత్తటి రొయ్యికి రేటు కోసేస్తారు.

గట్టు మీద కుర్రోడు:
సందేం లేదన్నా, ఉత్త మెత్తనే. రేపు నీళ్ళు ల్యాబ్‌లో ఇస్తా. పొడి ఆపేయాల్నా?

ఉప్పునీటి రైతు:
రిపోర్టు వచ్చిందాకా కొత్త డబ్బా కొనబాక.