‘లీలలందును బొంకులు లేనివాడు’: టీచరు రాసే లేఖకి ఈ పద్యం పనికొస్తుందా?

ప్రశ్న:
నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను. మా క్లాసులో ఒకమ్మాయికి సిఫారసు లేఖ తెలుగులో రాయాల్సి వచ్చింది. చదువులో ముందుంటుంది, నాటకాలు వేస్తుంది, తోటివాళ్లకి లెక్కలు చెప్పిపెడుతుంది. అన్నిటికీ కలిపి ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని రాశాను. చదువుకుంటే సన్మానపత్రంలా ఉంది. ఇంకా మంచి మాట ఏదైనా ఉందా? ‘సిఫారసు’ కూడా ఎందుకో నచ్చడం లేదు.

జవాబు:
సిఫారసు ఫారసీ నుంచి వచ్చింది. అసలు అర్థంలో ఏ దోషమూ లేదు గానీ, ‘సిఫారసుతో సీటొచ్చింది’ అంటే అర్హత లేకుండా వచ్చిందనే వినేవాళ్లు అనుకుంటారు. ‘యోగ్యతాపత్రం’ అనండి. శ్రీశ్రీ మహాప్రస్థానానికి చలం 1940లో రాసిన ముందుమాట పేరు కూడా అదే. బహుముఖ ప్రజ్ఞ బదులు ‘సర్వతోముఖ ప్రతిభ’ ఎలా ఉంటుందంటారు?

జవాబు:
సర్వతోముఖం, బహుముఖం ఒకే తానులో ముక్కలండీ. ఏది పెట్టినా ఆ అమ్మాయి ఎలాంటిదో చదివేవాళ్లకి తెలియదు. మాట సంగతి వదిలేసి పోతన భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి గుణాలు చెప్పే సీసపద్యం ఒకసారి చూడండి, ‘తనయందు నఖిల భూతములందు నొకభంగి’ అని మొదలయ్యేది. నారదుడు ధర్మరాజుకి ఒక కుర్రాడి గురించి చెప్తున్నాడు. అంటే ఒక రకంగా యోగ్యతాపత్రమే. సీసం చివర వచ్చే ఎత్తుగీతి ఇది:

సఖులయెడ సోదరస్థితి జరుపువాడు
దైవతములంచు గురువుల దలచువాడు
లీలలందును బొంకులు లేనివాడు
లలితమర్యాదుడైన ప్రహ్లాదు డధిప!

మేధావి, ప్రతిభావంతుడు లాంటి బిరుదు ఎక్కడైనా ఉందేమో చూడండి. జరుపువాడు, తలచువాడు, పైన సీసపాదాల్లో చేయువాడు, మరలువాడు, చింతించువాడు. అన్నీ పనులే. ఎవరి దగ్గర ఎలా ఉంటాడన్నదే వరసగా చెప్పుకొచ్చాడు: పెద్దలు, దీనులు, స్నేహితులు, గురువులు. అంతా అయ్యాక చివరి పాదంలో ‘లలితమర్యాదుడు’ అని ఒక్క విశేషణం వేశాడు. అప్పటికి ఆ విశేషణాన్ని మనం నమ్ముతాం. తర్వాత వచ్చే సీసంలో రూపం, విద్య అన్నీ ఉండి కూడా గర్వం లేదంటాడు. అక్కడా విద్య ఉందని చెప్పి వదిలేయలేదు, ఉన్న విద్యతో ఎలా నడుచుకుంటాడో చెప్పాడు.

సైన్స్ టీచరుగా మీకు పనికొచ్చేది మూడో పాదం. ఆటకైనా అబద్ధమాడడట. ల్యాబ్ రికార్డుకి అంతకంటే మంచి కొలబద్ద నాకు కనిపించదు. దారానికి గుండు కట్టి ఊపే లోలకం ప్రయోగంలో జీ (గురుత్వ త్వరణం) విలువ 9.8 రావాలని పిల్లలందరికీ ముందే తెలుసు. అందుకే చాలా రికార్డుల్లో సరిగ్గా 9.8 వస్తుంది! 9.4 వస్తే 9.4 అనే రాసి, ఎందుకొచ్చిందో వెతికే పిల్ల మీ క్లాసులో ఉంటే ఆ సంగతి రాయండి.

జవాబు:
పద్యం బాగుంది గానీ రెండు పేచీలు. ఒకటి, ప్రహ్లాదుణ్ణి మెచ్చుకున్నది నారదుడు. పాఠం చెప్పిన గురువు వెళ్లి ‘శిక్షామార్గములెల్ల గల్లలని యాక్షేపించి’ (నేను చెప్పేవన్నీ అబద్ధాలని తప్పుపట్టి) అంటూ తండ్రికి ఫిర్యాదు చేశాడు. తెలివైన పిల్లల విషయంలో ఇప్పటికీ అంతేనేమో! రెండోది, మేడమ్ రాసేది అమ్మాయి గురించి. ‘లేనివాడు’ని ఆడపిల్లకి మారిస్తే ‘లేనిది’ అవుతుంది. ‘అబద్ధమాడనిది’ అని లేఖలో రాస్తే ఏం బాగుంటుంది?

జవాబు (పద్యం పెట్టినవారు):
‘వాడు’కి ‘ది’ పెట్టనక్కర్లేదు. మామూలు క్రియతో ముగించండి: చెప్తుంది, ఒప్పుకుంటుంది, వదిలిపెట్టదు. ఇంకో మాట. ఆడపిల్లల గురించి రాసేటప్పుడు అణకువ, ఓర్పు అని, మగపిల్లలకైతే చురుకు, జిజ్ఞాస అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. అణకువ మంచిదే, కానీ సైన్స్ చదవబోయే పిల్లకి ముందు రాయాల్సింది అది కాదు. ఆ గురువు ఫిర్యాదు సంగతి బాగా గుర్తు చేశారు. ఆ అమ్మాయి మీ పాఠాన్ని ఎప్పుడైనా ప్రశ్నించిందా మేడమ్? ప్రశ్నించి ఉంటే దాచకండి, ఆ వాక్యానికే విలువెక్కువ.

ప్రశ్న అడిగినవారు:
ప్రశ్నించకపోవడమా! సరే, బిరుదులు తీసేసి ఇలా రాశాను: ‘లోలకం ప్రయోగంలో ఈమెకు జీ విలువ 9.4 వచ్చింది. దాన్ని దిద్దకుండా నాకు చూపించింది. పొడవును గుండు మధ్య వరకు కాకుండా దారం చివరి వరకే కొలిచినట్టు తనే కనిపెట్టి, ప్రయోగాన్ని పునరావృతం చేయడం జరిగింది. దారం 24 సెంటీమీటర్లు, గుండు వ్యాసార్ధం 1 సెంటీమీటరు అని కలిపి లెక్కిస్తే 9.8 వచ్చింది. తను చేసిన పొరపాటునే మిగతావాళ్లకి బోర్డు మీద వివరించింది.’ నాటకం గురించి ఇంకో పేరా ఉంది. ‘యోగ్యతాపత్రం’ అనే పేరు పెట్టాను.

జవాబు:
చాలా బాగుంది మేడమ్. ‘పునరావృతం చేయడం జరిగింది’ మాత్రం కొట్టేసి ‘మళ్లీ చేసింది’ అనండి.