అప్‌డేట్: కాలిఫోర్నియా వాలంటీర్ల రికార్డు ఎక్కడ దొరికిందంటే

అమెరికా అంతర్యుద్ధంలో వర్జీనియాలో పోరాడిన కాలిఫోర్నియా గుర్రపు దళం సైనికుడి పేరు ఆ రాష్ట్ర రెజిమెంట్లలో ఎందుకు కనబడటం లేదని అడిగాను కదా, తేలింది. వెతకాల్సింది మసాచుసెట్స్ కింద!

1862 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడెక్కిన 'కాలిఫోర్నియా హండ్రెడ్' అనే వాలంటీర్ల జట్టు పనామా మీదుగా తూర్పు తీరం చేరి, 2వ మసాచుసెట్స్ కావల్రీ (గుర్రపు దళం) రెజిమెంట్‌లో 'ఎ' కంపెనీ, అంటే 'ఎ' అక్షరంతో పిలిచే చిన్న విభాగం అయింది. 1863లో వెళ్లినవాళ్లు ఇ, ఎఫ్, ఎల్, ఎం కంపెనీలు. మొత్తం సుమారు 500 మంది. లెక్క మాత్రం మసాచుసెట్స్ ఇవ్వాల్సిన సైనికుల కోటాలోనే పడింది. కాబట్టి ముందు కంపెనీ అక్షరం చూడండి, తర్వాత వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో సర్వీసు రికార్డు, పెన్షన్ ఫైలు విడివిడిగా అడగండి. పేరు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా వేసి చూడటం తప్పదు.

యూనియన్ (ఉత్తరాది) సైన్యాధికారి కార్ల్‌టన్ నడిపించిన 'కాలిఫోర్నియా కాలమ్' అనే సేన వేరు. వాళ్లు 1862లో యూమా నుంచి ఎడారి దాటి రియో గ్రాండే నదికి నడిచారు. ఈ కాలమ్ సైనికుల పేర్లు కాలిఫోర్నియా రెజిమెంట్లలోనే దొరుకుతాయి. ఎడారిలో అందరూ ఒకేసారి కదిలితే దారిలోని బావులు ఎండిపోతాయి. అందుకే నీళ్లు మళ్లీ ఊరే వ్యవధి ఇచ్చి జట్లు జట్లుగా బయల్దేరారు. అపాచీ పాస్ అనే కనుమలో జులైలో అపాచీ తెగవాళ్లతో జరిగిన పోరు కూడా ఊటనీటి కోసమే.