జూపిటర్స్ లెగసీ: తప్పు తండ్రిదా, పిల్లలదా?

ప్రశ్న: మార్క్ మిల్లర్ రాసి ఫ్రాంక్ క్వైట్లీ బొమ్మలు వేసిన ఈ కామిక్ (2013లో మొదలైంది) ఇప్పుడే చదువుతున్నా, సూపర్‌హీరో తండ్రి షెల్డన్ మీద జాలి పడాలో కోపం తెచ్చుకోవాలో తెలియట్లేదు. లోకాన్ని కాపాడతాడు కానీ తన కూతురు క్లోయీ, కొడుకు బ్రాండన్‌లకి సుద్దులు చెప్పడమే తప్ప వాళ్ల బాధ వినడు. మీకేమనిపించింది?

జవాబు 1: అసలు విలన్ షెల్డన్‌కి తోడబుట్టిన వాల్టర్ అండీ. ప్రభుత్వ వ్యవహారాల్లో వేలు పెట్టొద్దని షెల్డన్ అన్నందుకు, బ్రాండన్‌ని ఎగదోసి కన్నతండ్రినే చంపించాడు.

జవాబు 2: ఎగదోస్తే మాత్రం, బ్రాండన్ పాలుతాగే పిల్లాడా? క్లోయీ నయం, ప్రియుడు హచ్‌తో ఆస్ట్రేలియా పారిపోయి కొడుకు జేసన్‌ని దాచి పెంచింది. వాడు బడిలో మామూలు పిల్లాడిలా నటించే భాగం నాకు భలే నచ్చింది.

జవాబు 3: ఇంకా చదువుతున్నా అన్నారుగా, కథంతా చెప్పేశారేంటి బాబూ! ఈ కామిక్‌ని బట్టి తీసిన 2021 నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మాత్రం ఒక్క సీజన్‌తోనే ఆపేశారు, కామిక్‌లో ఉన్న వేగం అందులో లేదు.